ఏ గదికి ఏ చల్లదనం?



ఎం.టెక్.లో మాకొక పాఠం వచ్చింది. బడి, ఆసుపత్రి, ఆఫీసు లాంటి పదిమంది వాడుకునే భవనంలో ఏ గదికి ఎలాంటి హీటింగ్ పెట్టాలో ఎలా నిర్ణయించాలి అన్నది ఆ పాఠం. మంచు కురిసే దేశాల వాళ్ళ కోసం రాసిన పుస్తకం అది. వెనక బెంచీలో కూర్చున్న మిత్రుడు ఊరుకోలేక "మనకు ఉడుకు పుట్టించేదానికి మిషను గూడా కావల్నా? మే నెలలో జమ్మలమడుగు బస్టాండులో నిలబడితే సాలదా!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పాఠం చెప్పే సారు కూడా నవ్వారు.

కానీ ఆ పాఠం తర్వాత మాకు బాగా ఉపయోగపడింది. అందులో చెప్పింది ఒక్కటే మాట: భవనం మొత్తానికి ఒకే ఏర్పాటు పెట్టకూడదు. రోజంతా పిల్లలు కూర్చునే తరగతి గదికి నెమ్మదిగా, నిలకడగా వేడినిచ్చే వేడినీటి గొట్టాలు కావాలి. వారానికి రెండు గంటలు వాడే మీటింగు హాలుకు అవి దండగ. వేసిన పది నిమిషాల్లో మనుషులకు తగిలే హీటరు చాలు. సామాన్ల గదికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఉండేంత వేడి చాలు. ముందు గదిని చూసి ప్రశ్నలు వేసుకోవాలి. ఇక్కడ ఎవరుంటారు? ఎంతమంది? ఏ వేళలో, ఎంతసేపు? ఏం చేస్తుంటారు? యంత్రం సంగతి ఆ తర్వాత. "వేడి" అన్న చోట "చల్లదనం" అని రాసుకుంటే ఆ పాఠం అచ్చంగా మన కడప జిల్లా పాఠమే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే ఒక కారణం ఉంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో పాత విద్యార్థులం కొందరం ప్రొద్దుటూరులో కలుసుకున్నాం. వార్షికోత్సవానికి తలా ఇంత వేసుకుని హాస్టల్‌కు ఏదైనా చేద్దామన్న మాట వచ్చింది. ఒక అన్న "రెండు ఏసీలు కొనిద్దాం, మన పేరు నిలబడుతుంది" అన్నాడు. ఇంకో అన్న "ఏసీలకు కరెంటు బిల్లు ఎవరు కడతారు? నాలుగు కూలర్లు చాలు" అన్నాడు. మమ్మల్ని చూసి "ఇంజనీరింగు చదివినారు కదా, మీరేమంటారు?" అని అడిగారు. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబే ఈ వ్యాసం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. నాయన బేల్దారి పనికి పోయేవాడు. జమ్మలమడుగులో పదో తరగతి దాకా, ప్రొద్దుటూరులో ఇంటర్, పులివెందులలో ఇంజనీరింగు చదివాం. మూడు ఊళ్ళలోనూ హాస్టల్లోనే ఉన్నాం. ఊరు మారింది గానీ ఎండాకాలం ఉక్క మాత్రం మారలేదు.

పదో తరగతి పరీక్షలప్పటి ఒక సంగతి ఇప్పటికీ మా మనసులో ఉండిపోయింది. గణితం పరీక్ష ముందు రాత్రి మా బ్యాచ్‌లో ఒకడు గదిలో కాక భరించలేక తెల్లవార్లూ మిద్దె మీద తిరిగాడు. పొద్దున పరీక్ష హాల్లో కూర్చుని కునికాడు. ఆ ఒక్క సబ్జెక్టు పోయింది. మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు బట్టల అంగట్లో పని చేస్తున్నాడు. తెలివిలో మాకంటే తక్కువ వాడేమీ కాదు. ఆ రాత్రి ఉక్క వల్లనే అంతా అయిందని చెప్పలేం. కానీ నిద్ర పట్టే గది ఉండి ఉంటే వాడు ఆ రోజు మేలుకుని పరీక్ష రాసేవాడు. కాబట్టి దీన్ని సుఖాల సంగతి అనుకోకండి. ఇది చదువు సంగతి.

వేడి ఏ దారిన వస్తుంది?

దొంగ ఏ దారిన వస్తున్నాడో తెలియకుండా తాళం కొంటే లాభం లేదు. బడిలో మనం చదువుకున్న వహనం, సంవహనం, వికిరణం అన్న మూడు మాటలూ ఇక్కడ పనికొస్తాయి. ఎండకు కాలిన కప్పు, గోడ గుండా వేడి లోపలికి పాకడం వహనం. కిటికీలోంచి వడగాలి రావడం సంవహనం. కాలిన కప్పు కింద నిలబడితే గాలి తగలకపోయినా నడినెత్తి మీద సెగ తగలడం వికిరణం. వీటికి తోడు గదిలోపలే పుట్టే వేడి ఉంది. పొయ్యి, కంప్యూటరు, అన్నిటికంటే ముఖ్యంగా మనం. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, నిద్రలో సుమారు 70 వాట్లు. ముప్పై మంది పడుకున్న గదిలో రెండు కిలోవాట్ల హీటరు రాత్రంతా వెలుగుతున్నట్టే లెక్క.

అన్నిటికంటే పెద్ద దారి కప్పు. మన జిల్లా భూమధ్యరేఖకు ఉత్తరంగా 14, 15 డిగ్రీల మధ్య ఉంది. అందువల్ల ఏప్రిల్ చివరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. మే, జూన్ నెలల్లో నడినెత్తికి కొంచెం ఉత్తరంగా పోతాడు. మళ్ళీ ఆగస్టు నడిమికి నెత్తి మీదికి వస్తాడు. అంటే ఎండాకాలంలో దక్షిణపు గోడకు పెద్దగా ఎండ తగలదు. కప్పుకు రోజంతా తగులుతుంది. పొద్దున తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు ఏటవాలుగా కొడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు గది అనుకుందాం. దాని కప్పు సుమారు 56 చదరపు మీటర్లు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాట్ ఎండ పడుతుంది. ఆ కప్పు మీద 56 ఇస్త్రీ పెట్టెలు బోర్లించినట్టు! అందులో కొంత గాలికి, ఆకాశానికి తిరిగి పోతుంది. మిగిలింది కాంక్రీటులో దిగుతుంది. ఐదు అంగుళాల మందం ఉన్న ఆ కప్పు బరువు సుమారు 17 టన్నులు. అది ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి తాగుతుంది. సాయంత్రానికి పది డిగ్రీలు ఎక్కిందంటే 40 యూనిట్ల వేడి మన తల మీద దాచిపెట్టినట్టే. కాంక్రీటులోంచి వేడి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, బయట చల్లబడే వేళకు లోపల కాక మొదలవుతుంది. రాత్రి తొమ్మిదికి మిద్దె మీద హాయిగా ఉండి, కింద గదిలో ఉడికిపోవడానికి కారణం ఇదే.

మొదటి పైసా మిద్దె మీద

తమ్ముళ్ళు ఒక పరీక్ష చేసి చూడొచ్చు. మధ్యాహ్నం ఎండలో ఉన్న నల్ల కడప బండ మీద ఒక క్షణం వేలు పెట్టండి. పక్కనే ఎండ తగిలే సున్నం పూసిన గోడ మీద కూడా పెట్టండి. ఎండ ఒక్కటే, గాలి ఒక్కటే, కానీ బండ చురుక్కుమంటుంది, సున్నం ఓర్చుకోగలిగేట్టు ఉంటుంది. తెలుపు ఎండను తిప్పి పంపుతుంది. కొత్తగా పూసిన మంచి తెల్ల పూత మీద పడ్డ ఎండలో ముప్పాతిక వంతు దాకా వెనక్కి పోతుంది. మాసిపోయిన సిమెంటు కప్పు అందులో ఎక్కువ భాగాన్ని తాగేస్తుంది.

దీన్నే ఇప్పుడు కూల్ రూఫ్ అంటున్నారు. 2010లో ఎండలకు చాలామంది చనిపోయిన తర్వాత అహమదాబాద్ నగరం 2013లో వడగాలుల ప్రణాళిక తయారుచేసుకుంది. తర్వాత అక్కడి పేదల ఇళ్ళ కప్పులకు తెల్ల పూత వేసే పని కూడా అందులో చేరింది. 2015 మే నెల వడగాలులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కొత్తగా కట్టే ప్రభుత్వ భవనాలకు అలాంటి కప్పు ఉండాలని అందులో చెప్పారు.

ఇదేమీ కొత్త విద్య కాదని నాయన అంటాడు. మన సీమలో పాత చౌడు మిద్దెలు చూసినవాళ్ళకు తెలుసు. దూలాలు, దంతెలు వేసి, పైన బండలో కట్టెలో పరిచి, మట్టి దట్టంగా వేసి, ఆపైన చౌడు మట్టి పోసేవాళ్ళు. మధ్యలో గవాచి పెట్టేవాళ్ళు. మందపు మట్టి వేడిని ఆలస్యం చేస్తుంది. లోపలి వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేచి గవాచిలోంచి బయటికి పోతుంది. గండికోటకు విహారయాత్ర పోయినప్పుడు ధాన్యాగారం లోపలికి అడుగు పెట్టగానే ఒళ్ళు చల్లబడింది గుర్తుందా? ఆ మందపు రాతిగోడలు, ఎత్తైన కప్పు చేసే పని అదే.

మన కాంక్రీటు మిద్దెకు చేయగలిగింది ఇది. ఫిబ్రవరిలో కప్పు ఊడ్చి, కడిగి, పగుళ్ళు పూడ్చి, జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేయాలి. సున్నం వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. డబ్బులు ఉంటే కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్ళు నిలుస్తుంది. అదీ దుమ్ము పట్టి మాసిపోతే పని చేయదు. ఎండాకాలం ముందు కడగాలి. పడమటి గోడ వెంట వేప, కానుగ మొక్కలు నాటితే నాలుగైదేళ్ళకు అవే ఆ గోడను కాపాడతాయి. ఈ లోపల పడమటి కిటికీలకు బయటివైపు వెదురు తడికలు కట్టాలి. లోపల పరదా కడితే సగమే లాభం. ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది.

పడక గదులు

ఇక ఒక్కో గదికి వద్దాం. పడక గదిలో ముప్పై మంది, రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారుజాము దాకా ఉంటారు. పగలు ఖాళీ.

ఇక్కడ ఏసీ పెడితే ఏమవుతుంది? పై అంతస్తులో ఇంత గదికి ఒకటిన్నర టన్ను ఏసీలు మూడు నాలుగు కావాలి. ఒక్కోటి నడిచినప్పుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్ తీసుకుంటుంది. నాలుగూ రాత్రి పది గంటలు ఆగకుండా నడిస్తే 60 యూనిట్లు. కిటికీలన్నీ మూయాలి. ముప్పై మంది ఊపిరి అదే గదిలో తిరుగుతుంది, ఒకడికి జలుబు చేస్తే వారానికల్లా అందరికీ అంటుకుంటుంది. పాత వైరింగ్ అంత లోడు మోయదు. ఇక రెండే ఏసీలు పెడితే గది చల్లబడదు, బిల్లు మాత్రం వస్తుంది. ఏసీ అన్న అన్నకు మా జవాబు ఇది.

మరి కూలరు? కూలరు పనిచేసేది మన మట్టికుండ సూత్రం మీదే. నీళ్ళు ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని గాలి నుంచి లాక్కుంటాయి. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే మూడింట రెండు వంతుల యూనిట్ వేడి పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల పొడి గాలిని పది డిగ్రీల దాకా దించగలదు. వానలు మొదలై తేమ పెరిగాక అదే కూలరు జిడ్డు గాలి కొడుతుంది.

మేమున్న ఒక హాస్టల్లో దాతలు రెండు కూలర్లు ఇచ్చారు. చల్లగాలి బయటికి పోకూడదని మేమే కిటికీలన్నీ మూసేశాం. మొదటి గంట స్వర్గంలా ఉంది. అర్ధరాత్రికి దుప్పట్లు తడి తడిగా, గాలి బరువుగా మారి, ఒకరి తర్వాత ఒకరు లేచి కూర్చున్నాం. కూలరు బాగాలేదని తిట్టుకున్నాం. తప్పు మాదే. కూలరు గాలి బయటి నుంచి రావాలి, ఎదుటి కిటికీలోంచి బయటికి పోవాలి. అంటే కూలరును కిటికీలో బిగించి, ఎదురుగా ఉన్న కిటికీ తెరవాలి. ఇంకో సంగతి. వారం రోజులు నీళ్ళు మార్చకపోతే అందులోనే డెంగీ దోమ పిల్లలు పెడుతుంది. శుక్రవారం డ్రై డే అంటారు కదా, ఆ రోజు కూలరు తొట్టి కూడా వంచి, తుడిచి, ఆరబెట్టాలి. ట్యాంకరు నీళ్ళ మీద బతికే రోజుల్లో గంటకు లీటర్లకు లీటర్లు తాగే యంత్రం నాలుగు పెట్టుకునే ముందు నీళ్ళ లెక్క కూడా చూసుకోవాలి.

పడక గదికి మేము చెప్పేది: పైన తెల్ల పూత, లోపల సరిపడా ఫ్యాన్లు. ఫ్యాను గదిని చల్లబరచదు, మన చెమటను ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. అందుకే ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరగడం శుద్ధ దండగ. పాత ఫ్యాను 70, 75 వాట్లు తీసుకుంటే బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలినిస్తుంది. అలాంటివి ఎనిమిది రాత్రి పది గంటలు తిరిగితే రెండున్నర యూనిట్లు కూడా కావు. ఏసీల 60 యూనిట్లతో పోల్చి చూడండి. ఫ్యాన్లు కొనేటప్పుడు స్టార్ గుర్తు చూడాలి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు.

ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది. పొద్దున పదింటికి, వడగాలి మొదలు కాకముందే, కిటికీలు మూసి బడికి పోవాలి. సూర్యుడు దిగి బయటి గాలి లోపలికంటే చల్లబడ్డాక అన్నీ బార్లా తెరవాలి. మనం చేసేది సరిగ్గా తిరగేసి. పగలు తెరిచి వడగాలిని లోపలికి పిలుస్తాం, రాత్రి దోమలని మూసేస్తాం. కిటికీలకు దోమల జాలీ కొట్టిస్తే ఈ సమస్య తీరుతుంది. జాలీకి అయ్యే ఖర్చు ఏసీ ముందు ఎంత?

చదువుకునే హాలు

చాలా చోట్ల చదువుకునే హాలు రేకుల కప్పుతో ఉంటుంది. రేకు పలచన కాబట్టి రాత్రికి తొందరగా చల్లబడుతుంది, తెల్లవారుజామున నాలుగున్నర స్టడీ అవర్‌కు ఇబ్బంది లేదు. సాయంత్రం ఐదింటికి మాత్రం పెనం కింద కూర్చున్నట్టే. సెగ నేరుగా నెత్తికి తగులుతుంది. ఇక్కడ ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా కప్పు దగ్గరి వేడిగాలినే కిందికి తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కించవచ్చు.

కాబట్టి ఈ హాలుకు రెండు పనులు చేయాలి. రేకుల మీద తెల్ల పెయింటు వేయాలి. కింద ఒక అడుగు ఖాళీ వదిలి రెండో కప్పు కట్టి, ఆ ఖాళీకి రెండు కొసలా గాలి పోయే దారి ఉంచాలి. రేకు సెగ ఆ ఖాళీలోనే ఆగి, గాలితో పోతుంది. చాలామంది థర్మోకోల్ కొడతారు. అది నిప్పు పడితే క్షణాల్లో అంటుకుని విషపు పొగ వదులుతుంది. పిల్లలున్న చోట వద్దు. మంటకు ఆగే సీలింగు పలకలు వాడాలి. ఈ హాలుకే ఏప్రిల్, మే సాయంత్రాలకు ఒక పెద్ద కూలరు సరిపోతుంది. జనం ఒకేచోట ఉంటారు, రెండు మూడు గంటలే వాడతారు, తలుపులు ఎలాగూ తెరిచే ఉంటాయి. కూలర్లు అన్న అన్న మాటలో సగం ఇక్కడ నెగ్గింది!

భోజనాల గదిలో ఎవరూ అరగంటకు మించి కూర్చోరు. ఎదురెదురు కిటికీలు, ఫ్యాన్లు చాలు.

వంటగది

ఎవరూ పట్టించుకోని గది ఇదే. మనం హాల్లో ఉక్క అని గొణుగుతాం. వంట చేసే అమ్మలు, కామాటీలు రోజుకు ఏడెనిమిది గంటలు పొయ్యి ముందు నిలబడతారు. ఒక కిలో గ్యాసు మండితే 12 నుంచి 13 యూనిట్ల వేడి వస్తుంది. అందులో అన్నం, పప్పు తీసుకునేది కొంత, మిగిలింది వాళ్ళ మొహాలకే.

ఇక్కడ కూలరు పెట్టకూడదు. ఆవిరితో నిండిన గదికి ఇంకా తేమ కలుస్తుంది, మంట కదులుతుంది. ఫ్యాను మంట మీదికి కొట్టకూడదు. ఏసీ గాలి అంతా బయటికే పోతుంది. కావలసింది వేడి పుట్టిన చోటే పట్టి బయటికి పంపడం. పొయ్యిల పైన రేకు గొడుగు, దానికి గట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదుటి గోడకు కింది వైపు గాలి లోపలికి వచ్చే దారి ఉండాలి. లోపలికి వచ్చే దారి లేకపోతే ఎగ్జాస్ట్ ఊరికే తిరుగుతుంది. నెలకోసారి దాని జిడ్డు తుడవాలి. గ్యాసు కింద పేరుకుంటుంది కాబట్టి ఆ కింది దారి భద్రతకు కూడా మంచిది. మాకు అన్నం పెట్టిన ఒక అమ్మ వేసవిలో చెంగు తడిపి నెత్తిన వేసుకుని వండేది. అప్పుడు మేము ఎందుకని అడగలేదు. ఇప్పుడు తెలిసింది, ఒంటి మీద తాను చేసుకున్న కూలరు అది.

బియ్యం, పప్పులు ఉండే స్టోరుకు చల్లదనం కంటే పొడి ముఖ్యం. నేలకు ఎత్తుగా బల్లలు, పైన వెంటిలేటరు ఉంటే చాలు. కూలరు గాలి అటువైపు పోకూడదు, బియ్యానికి బూజు, పురుగు పడుతుంది.

సిక్ రూము

భవనం మొత్తంలో ఒక్క ఏసీ పెట్టాలంటే ఇక్కడే పెట్టాలి. చిన్న గది, ఇద్దరు ముగ్గురు మనుషులు, తలుపు మూసి ఉంచొచ్చు. ఒక టన్ను ఏసీ చాలు. కొత్త ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు వస్తున్నాయి. 26 దగ్గర ఉంచి ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది, కరెంటు ఆదా. మైదాన ప్రాంతాల్లో ఎండ 40 దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలి అని ప్రకటిస్తుంది. అలాంటి రోజుల్లో ఒక్క చల్లని గది ఉంటే కళ్ళు తిరిగిన పిల్లవాడిని పడుకోబెట్టడానికి చోటు దొరుకుతుంది.

వడదెబ్బ తగిలితే, అంటే ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతూ ఉంటే, ముందు 108కి ఫోన్ చేయాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఈ నాలుగు మాటలు గోడ మీద రాసి పెట్టుకోండి.

కంప్యూటర్ గది ఉంటే దానికి దుమ్ము, తేమ రెండూ శత్రువులే. కాబట్టి అక్కడ కూలరు వద్దు. ఉత్తరం వైపు, కింది అంతస్తులో గది ఇస్తే సగం సమస్య పోతుంది. గది మార్చడానికి డబ్బులు అక్కర్లేదు కదా.

స్నానాల గది: మనకూ ఉంది ఒక హీటింగ్

మొదట చెప్పిన పాఠం అచ్చంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తొట్టి నీళ్ళు పోసుకుంటే పళ్ళు టకటకలాడతాయి. జ్వరం వచ్చినవాడికి, చిన్న తరగతుల పిల్లలకు ఉడుకునీళ్ళు కావాలి. అరవై మందికి తలా 12 లీటర్లు అంటే 720 లీటర్లు. 22 డిగ్రీల నీళ్ళను 40కి తేవాలంటే రోజుకు సుమారు 15 యూనిట్ల వేడి.

ఆ వేడి ఎక్కడ నుంచి? కొందరు బకెట్లో కాయిలు పెడతారు. తమ్ముళ్ళూ, ఇది మాత్రం అస్సలు వద్దు. తడి నేల, తడి చెయ్యి, ఇనుప బకెట్, ఎర్తు లేని ప్లగ్గు కలిస్తే ప్రాణం పోవడానికి ఒక్క క్షణం చాలు. మా కళ్ళ ముందే ఒక స్నేహితుడు షాకు కొట్టి విసిరినట్టు పడ్డాడు. దేవుడి దయ, బతికాడు.

ఎండ మన ఆస్తి. సోలార్ వాటర్ హీటరు మిద్దె మీద పెడితే పగటి ఎండతో 60 డిగ్రీల నీళ్ళు తయారై, తెల్లవారేదాకా దాదాపు అలాగే ఉంటాయి. వాటిలో చన్నీళ్ళు కలుపుకుంటాం కాబట్టి 720 లీటర్లకు సుమారు 340 లీటర్ల వేడినీళ్ళు చాలు. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, గొట్టాల్లో పొర కడుతుంది. ఏటా ఒకసారి శుభ్రం చేయించే మనిషిని ముందే మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకోకనే ఎన్నో చోట్ల మంచి హీటర్లు మిద్దె మీద బొమ్మల్లా మిగిలిపోతాయి.

చివరగా

అన్నలు అడిగిన ప్రశ్నకు మా జవాబు ఈ వరుసలో ఉంది. ఒకటి, మిద్దెకు తెల్ల పూత, కిటికీలకు జాలీ. రెండు, వంటగదికి గొడుగు, ఎగ్జాస్ట్. మూడు, పడక గదులకు తక్కువ కరెంటు ఫ్యాన్లు, వాటికి ముందు వైరింగ్, ఎర్తు పరీక్ష. నాలుగు, చదువుకునే హాలుకు రెండో కప్పు, ఒక కూలరు. ఐదు, సిక్ రూముకు ఒక ఏసీ. ఆరు, సోలార్ వాటర్ హీటరు. డబ్బులు ఎక్కడ అయిపోతే అక్కడ ఆగి, మిగిలింది వచ్చే ఏడాది చేద్దాం. వరుస మాత్రం తప్పొద్దు. కప్పు కాలుతుంటే కింద ఎన్ని యంత్రాలు పెట్టినా పగిలిన కుండలో నీళ్ళు పోసినట్టే. సున్నం పూసినదానికి ఎవరి పేరూ రాయడానికి వీలుండదు, అది నిజమే. పిల్లలు నిద్రపోతారు, అది చాలు కదా అన్నా!

తమ్ముళ్ళకు ఒక పని అప్పజెబుతున్నాం. ఒక మామూలు థర్మామీటరు మేము పంపుతాం. గోడకు తగిలించే రకం. రోజూ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి, పడక గదిలో ఎంత, బయట నీడలో ఎంత అని ఒక నోటుబుక్కులో రాయండి. సెలవు రోజు మూడింటి లెక్క మరిచిపోవద్దు. సున్నం వేయకముందు పదిహేను రోజులు, వేశాక పదిహేను రోజులు రాస్తే చాలు. మేము చెప్పింది ఎంతవరకు నిజమో అంకెలే చెబుతాయి. తప్పయితే వచ్చే ఏడాది ఇదే పత్రికలో ఒప్పుకుంటాం. ఒప్పయితే ఆ నోటుబుక్కు పట్టుకుని పక్క ఊరి హాస్టల్‌కు వెళ్దాం.

నాయనకు ఈ వ్యాసం చదివి వినిపించాం. అంతా విని, "దీనికి ఎం.టెక్కు దాకా సదవల్నా? మిద్దెకు సున్నం కొట్టమని నేను సెప్పనా?" అన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం కుంచె పట్టుకుని తానే వస్తానన్నాడు. మనమూ వద్దాం.